చలువకు నాలుగు మెట్లు

తెలుగులో 'చలువ' అన్న మాటకు చెడ్డ అర్థం దొరకడం కష్టం. ఎవరి వల్లనైనా మేలు జరిగితే 'మీ చలువే' అంటాం. చాకిరేవు నుంచి వచ్చినవి చలువ బట్టలు. పాలరాయి చలువరాయి. ఎండాకాలం బాటసారికి నీళ్ళు పోసేది చలివేంద్రం. దీవించాలంటే 'నీ కడుపు చల్లగుండ' అంటారు. అటుపక్క వేడి జట్టులో ఉన్నవేంటి? కడుపుమంట, కళ్ళమంట, మూత్రంలో మంట, నోట్లో పూత. వాటన్నిటికీ కలిపి ఒకే రోగనిర్ధారణ: 'వేడి చేసింది'.

భాషే ఇలా ఒక పక్షం తీసుకున్నాక, చలువ చేసే ఆకు గానీ వేరు గానీ మనకు హాని చేస్తుందని అనుమానం ఎలా వస్తుంది? రాదు. చలువ చేసేది మందు కూడా కాదు, మంచినీళ్ళకు మేనమామ లాంటిది. ఎంతైనా తాగొచ్చు, ఎన్నాళ్ళైనా తాగొచ్చు. ఈ నమ్మకం ఎక్కడిదా అని వెతుక్కుంటూ వెళ్తే నాకొక విచిత్రం కనిపించింది. చలువ-వేడి లెక్కను శాస్త్రంగా కట్టిన పాత వైద్యాలు మూడు చూశాను: ఆయుర్వేదం, యునానీ, చైనా వైద్యం. మూడింట్లో ఏ ఒక్కటీ చలువ అంటే క్షేమం అనలేదు. ఆ అర్థం తర్వాత మనం కలుపుకున్నది.

ముందు మా వైపు సంగతి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇవాళ మూడు జిల్లాలు. 2016 అక్టోబరు దాకా ఒకటే వరంగల్ జిల్లా. జనగామది మెట్ట నేల. మహబూబాబాద్, అంటే మానుకోట, మిర్చి పండించే ఊరు. భూపాలపల్లిలో కింద బొగ్గు, పైన అడవి. మూడు చోట్లా ఎండలు మాత్రం ఒకటే. మా నాయనమ్మది జనగామ దగ్గరి పల్లె. ఆమె లెక్కలో చలువ జాబితా ఇలా ఉండేది: పొద్దున అంబలి, మధ్యాహ్నం మజ్జిగ, నీళ్ళ కుండలో వట్టివేళ్ళు, నానబెట్టిన సబ్జా గింజలు, పొన్నగంటి కూర, సుగంధిపాల వేరు కాచిన నీళ్ళు, మజ్జిగలో నానేసిన మెంతులు.

ఈ జాబితాలో చివరిది చూడండి. మెంతులు చలువ చేస్తాయని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. ఆయుర్వేదాన్ని అడిగితే మెంతులది ఉష్ణ వీర్యం అంటుంది. యునానీని అడిగినా వేడి అనే అంటుంది. మరి మా నాయనమ్మ తప్పా, పుస్తకాలు తప్పా? ఆ ప్రశ్నే సరికాదు. చలువ అనేది థర్మామీటరులో కనిపించే అంకె కాదు. ఒక పదార్థం ఒంట్లో పడ్డాక ఏం జరిగిందో చూసి, ఒక్కో సంప్రదాయం తన అనుభవంతో తను వేసుకున్న గుర్తు. ఒకరి గుర్తు ఇంకొకరికి సరిపోవాలని లేదు. ఎండుమిర్చినే తీసుకోండి. అది అమెరికా ఖండంలో పుట్టి 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళతో మన తీరానికి వచ్చింది. వచ్చిన మిర్చికి వెంటనే వేడి ఖాతాలో చోటు ఇచ్చేశారు. అంటే ఈ పద్ధతి రాతిశాసనం కాదు, కొత్తదాన్ని కలుపుకుంటూ పోయే దుకాణం ఖాతా పుస్తకం లాంటిది.

జనగామ నిజాం రాజ్యంలో నల్లగొండ జిల్లా తాలూకా. కాబట్టి మా వైపు మాటల్లో ఆయుర్వేదంతో పాటు యునానీ కూడా కలిసిపోయింది. షర్బత్ అనే మాట అటునుంచి వచ్చిందే. నగరంలో హకీముల సంప్రదాయం అప్పటికే పాతది. 1938లో చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కళాశాల కూడా వెలిసింది. గ్రీకుల దగ్గర పుట్టి అరబ్బుల చేతుల్లో పెరిగిన ఈ వైద్యంలో ప్రతి మందుకూ ఒక తాసీరు ఉంటుంది: వేడి లేదా చలువ, తడి లేదా పొడి. అక్కడితో ఆగితే మన ఇంటి లెక్కకూ దానికీ పెద్ద తేడా లేదు. కానీ క్రీస్తుశకం 2వ శతాబ్దపు గాలెన్, 11వ శతాబ్దపు ఇబ్న్ సీనా ఇంకో అడుగు వేశారు. వేడికైనా చలువకైనా నాలుగు దర్జాలు, అంటే నాలుగు మెట్లు పెట్టారు. మొదటి మెట్టు మీద ఉన్న మందు పని చేసినట్టు పైకి తెలియదు. రెండో మెట్టు మీదిది తెలుస్తుంది కానీ హాని చేయదు. మూడోది హాని చేస్తుంది, ప్రాణం తీయదు. నాలుగోది ప్రాణం తీస్తుంది.

చలువలో నాలుగో మెట్టు మీద ఏముందో ఊహించండి. నల్లమందు. గసగసాలు కాసే మొక్క కాయను గీస్తే కారే పాలు. మనిషిని మత్తులో ముంచి, ఊపిరిని నెమ్మది చేసి, చివరికి ఒంటిని చల్లబరిచేస్తుంది కాబట్టి పాత హకీములకు అది చలువ మందు. మన తెలుగిళ్ళలో చలువ చేస్తాయని నూరి పోసే గసగసాలూ ఆ మొక్క గింజలే. ఒకే మొక్కలో గింజ వంటింటిది, పాలు నాలుగో మెట్టువి. 'ఇది చలువ' అని చెప్పి ఊరుకుంటే ఆ వైద్యంలో సగం మాట చెప్పినట్టు. ఎన్నో మెట్టు అన్నదే మిగతా సగం. మన నోళ్ళలో మొదటి సగం మిగిలింది, రెండో సగం రాలిపోయింది.

ఆయుర్వేదం మెట్లు కట్టలేదు. దాని జాగ్రత్త వేరే రకం. చరకసంహిత జ్వరచికిత్సలో షడంగపానీయం అని ఒక నీళ్ళ మందు ఉంది. జ్వరంలో దాహంతో తపించేవాడికి ఆరు వస్తువులు వేసి కాచి, చల్లార్చి ఇచ్చే నీళ్ళు. తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్ళు, చందనం, కురువేరు. ఇవి ఐదూ చలువవే. ఆరోది శొంఠి. ఒళ్ళు కాలిపోతున్నవాడికి ఇచ్చే నీళ్ళల్లో శొంఠి ఎందుకు? చలువ మితిమీరితే జఠరాగ్ని చల్లారిపోతుందని ఆ వైద్యానికి భయం కనుక. ఐదు చలువలకు ఒక వేడిని కాపలా పెట్టారు. మన వంటింట్లో ఆ కాపలా ఇంకా ఉంది. మజ్జిగలో అల్లం, జీలకర్ర ఎందుకు పడతాయి? దోసకాయకు ఆవపిండి ఎందుకు తోడవుతుంది? రుచికే అనుకుంటాం. కావచ్చు, కానీ ఆ రుచి వెనక ఒక పాత భయం కూడా ఉంది.

చైనా వాళ్ళదీ దాదాపు ఇదే దారి. వాళ్ళ మందులకు నాలుగు స్వభావాలు: శీతలం, చల్లన, గోరువెచ్చన, వేడి. ఒంట్లో వేడిని దించే చేదు మూలికలు వాళ్ళకు లెక్కలేనన్ని. అయితే చేదూ చలువా కలిసిన మందు జీర్ణకోశాన్ని దెబ్బ తీస్తుందన్నది అక్కడ ప్రతి వైద్యవిద్యార్థికీ తెలిసిన హెచ్చరిక. అందుకే అల్లమో అతిమధురమో కలిపి ఇస్తారు. పనైపోగానే ఆపేస్తారు. రోజూ తాగేది కాదు.

మరి రోజూ తాగేదిగా ఎప్పుడు మారింది? నా అంచనాలో, మందు కాస్తా పానీయం అయినప్పుడు. 1828లో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌలో వాంగ్ లావ్ జీ పేరుతో ఒక చలువ కషాయం దుకాణం మొదలైంది. ఇవాళ అది ఎర్ర డబ్బాల్లో చైనా అంతటా దొరికే కూల్‌డ్రింకు. 20వ శతాబ్దం మొదట్లో ఢిల్లీలో హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ వేసవి తాపానికని రూ అఫ్జా తయారుచేశాడు. ఇవాళ అది రంజాన్ నెలలో హైదరాబాదు ఇళ్ళలో ఇఫ్తార్ షర్బత్. ఈ రెండూ ప్రమాదమని నేననడం లేదు. చక్కెర సంగతి పక్కన పెడితే రెండూ మొదటి మెట్టు దాటినవి కావు. నేను చెప్పేది అలవాటు గురించి. నాడి చూసి, మోతాదు చెప్పి, ఎప్పుడు ఆపాలో చెప్పే మనిషి మధ్యలోంచి తప్పుకున్నాడు. సీసా మిగిలింది. అక్కడి నుంచి 'చలువ' అనేది వైద్యుడి మాట కాకుండా లేబుల్ మీది మాట అయింది.

ఆ మార్పు ఖరీదేమిటో చైనాలోనే తేలింది. 'కాలేయంలో మంట'ను దించడానికి లాంగ్‌డాన్ షియెగాన్ అనే పాత యోగం ఒకటి ఉంది. అందులో ము-తోంగ్ అనే తీగ పడుతుంది. చలువ చేస్తుంది, మూత్రం జారీ చేస్తుంది. పాత గ్రంథాల్లో ము-తోంగ్ అంటే అకేబియా అనే నిరపాయమైన తీగ. 20వ శతాబ్దంలో అది సరిపడా దొరక్క, ఈశాన్య చైనాలో విరివిగా దొరికే గ్వాన్ ము-తోంగ్ అనే ఇంకో తీగ దాని చోట్లోకి వచ్చింది. పేరు కలిసింది, రూపం కలిసింది, తాసీరు కలిసింది. కానీ కొత్తది అరిస్టొలోకియా జాతిది. అందులో ఉండే అరిస్టొలోకిక్ ఆమ్లం కిడ్నీలను కొరికేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. 1964లోనే ము-తోంగ్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్న ఇద్దరి గురించి ఒక చైనా వైద్యుడు రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ప్రపంచం పట్టించుకుంది బ్రస్సెల్స్‌లో. 1990 తర్వాత అక్కడ బరువు తగ్గించే ఒక క్లినిక్‌లో ఇచ్చిన మాత్రల్లో ఫాంగ్-జీ అనే చైనా మూలిక ఉండాలి. ఇదీ చలువ మందే. పేరులో పోలిక వల్ల దాని బదులు గ్వాంగ్ ఫాంగ్-జీ పడింది. ఇదీ అరిస్టొలోకియానే. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కిడ్నీలు పాడై ఆసుపత్రికి రావడం చూసి, 1993లో వాన్‌హెర్వెఘెమ్ అనే వైద్యుడి బృందం ఆ సంగతి ప్రకటించింది. లెక్క చివరికి వంద దాటింది. వాళ్ళలో చాలామందికి డయాలసిస్, కిడ్నీ మార్పిడి తప్పలేదు. 2000లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, పాడైన కిడ్నీలు ముందుజాగ్రత్తగా తీయించుకున్న 39 మందిలో 18 మందికి అప్పటికే క్యాన్సర్ ఉందని తేలింది. చైనా 2003 ఏప్రిల్‌లో గ్వాన్ ము-తోంగ్‌ను మందుల జాబితా నుంచి తీసేసి, మళ్ళీ అకేబియానే వాడమంది. తైవాన్‌లోనూ అదే ఏడాది నిషేధం వచ్చింది. 1997 నుంచి 2003 దాకా అక్కడి జనంలో దాదాపు మూడోవంతు మందికి ఈ జాతి మందు ఒకసారైనా రాసి ఉంటారని తర్వాత లెక్క తేలింది.

నా ఉద్యోగంలో ఇలాంటిది ఒకటి తరచూ చూస్తాం. పేరు పాతదే ఉంటుంది, లోపలికి వేరే ప్యాకేజీ వచ్చి కూర్చుంటుంది. ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ము-తోంగ్ విషయంలోనూ 'ప్రోగ్రాం' నడిచింది. మంట తగ్గింది, మూత్రం జారీ అయింది. తాసీరు పరీక్షలో రెండు తీగలూ పాసయ్యాయి. కిడ్నీ పరీక్ష ఎవరూ పెట్టలేదు.

'వేల ఏళ్ళ నుంచి వాడుతున్నారు కదా' అన్న వాదనకు జవాబు కూడా ఇక్కడే ఉంది. వేల ఏళ్ళ అనుభవం చిన్న విషయం కాదు. తిన్న గంటలో వాంతి చేయించే ఆకును ఏ ఊరైనా ఒక తరంలో పసిగడుతుంది. కానీ ఇవాళ తాగిన కషాయం వల్ల పదేళ్ళ తర్వాత కిడ్నీ చెడితే, ఆ రెంటికీ ముడి వేసేదెవరు? అనుభవం వెంటనే కనిపించేదాన్ని పట్టుకుంటుంది. ఆలస్యంగా వచ్చేదాన్ని పట్టుకోవడానికి లెక్కలు రాసి పెట్టుకునే వ్యవస్థ కావాలి. అది పెద్దల తెలివికి అవమానం కాదు, వాళ్ళ చేతిలో లేని పనిముట్టు మాత్రమే.

ఇదంతా చైనా గోల అనుకోవద్దు. అరిస్టొలోకియా జాతి మొక్కలు మన దగ్గరా ఉన్నాయి. నల్లరేగడి చేలల్లో నేల మీద పాకే గాడిదగడపర అదే జాతి. పాము విరుగుడుగా పేరుపడ్డ ఈశ్వరి తీగా అదే. ఆ ఆకులు తిని పెరిగే ఒక సీతాకోకచిలుక గొంగళిపురుగు ఆ విషాన్ని ఒంట్లో దాచుకుని పక్షుల నుంచి కాపాడుకుంటుంది. ఇక పేర్ల గందరగోళమంటారా, ఆయుర్వేదంలో దానికి ఒక శీర్షికే ఉంది: సందిగ్ధ ద్రవ్యాలు. గ్రంథంలో పేరుంటుంది, ఏ మొక్కో తేలదు. షడంగపానీయంలోని పర్పాటకమే అలాంటిది. ఉత్తరాదిలో ఒక మొక్క, దక్షిణాదిలో ఇంకోటి. దక్షిణాదిన వాడే వాటిలో ఒకటి మన తెలుగువాళ్ళు వెర్రినేలవేము అనే మొక్క. నేలవేము వేరు, వెర్రినేలవేము వేరు. సరస్వతి ఆకు అంటే ఒకరు ఒకటి తెస్తారు, ఇంకొకరు ఇంకోటి. సుగంధిపాల వేరు పేరుతో బజారుకు వచ్చేదాంట్లో బర్రెసుగంధి గడ్డలు కలుస్తాయి. వాసన దాదాపు ఒకటే, మొక్కలు వేరు. అదృష్టవశాత్తు ఈ మార్పిడిలో ము-తోంగ్ లాంటి విషం లేదు. కానీ అది మన జాగ్రత్త వల్ల కాదు, అదృష్టం వల్లే.

2018 మేడారం జాతరప్పుడు ఆ ఊరు భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. ములుగు జిల్లా ఏర్పడింది తర్వాతి ఏడాది. జాతరలో వేర్లు, బెరళ్ళు పరుచుకుని అమ్మేవాళ్ళ ముందు ఎప్పుడూ గుంపే. ఆ అమ్మేవాళ్ళకు మొక్క తెలుసు, ఏ గట్టు మీద ఏ కార్తెలో తవ్వాలో తెలుసు. కొనేవాళ్ళకు తెలిసింది పేరొక్కటే. చరకసంహిత మొదటి అధ్యాయంలో దీని గురించి ఒక ఆలోచన ఉంది. మొక్కల పేర్లూ రూపాలూ మేకలు, గొర్రెలు, ఆవులు కాసేవాళ్ళకూ అడవిలో ఉండేవాళ్ళకూ తెలుస్తాయని అది ఒప్పుకుంటుంది. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది వేరే జ్ఞానమని కూడా అంటుంది. అది కూడా లేనిదే మందు తెలిసినట్టు కాదట. తెలియని మందును విషంతో, ఆయుధంతో, నిప్పుతో, పిడుగుతో పోలుస్తుంది. ఇవాళ ఆన్‌లైన్‌లో మూలికల పొడి తెప్పించుకునే మనకు ఈ రెండు జ్ఞానాల్లో ఒక్కటీ లేదు. మొక్క ముఖం చూడలేదు, మోతాదు చెప్పే మనిషీ లేడు.

మా మేనమామ భూపాలపల్లిలో బొగ్గుబాయి పని చేసి రిటైరయ్యాడు. బీపీ ఉంది, షుగరుంది, నొప్పి గోళీలు మింగే అలవాటూ ఉంది. కొన్నేళ్ళ కింద క్రియాటినిన్ పెరిగితే వరంగల్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. 'నాటుమందులేమైనా వాడారా?' అని డాక్టరు అడిగాడు. 'మందులేం వాడలే సారూ' అన్నాడు మామ. బయటికొచ్చాక నేను గుర్తు చేశాను: 'మామా, రోజూ పొద్దుగాల ఆ పొడి తాగుతవ్ గదా?' 'అది మందెట్లయితదిరా బిడ్డా, చలువకు తాగుతున్న' అన్నాడు. ఆ పొట్లం మీద ఎన్ని రకాల మూలికలో అంకె ఉంది, ఏ మూలికలో లేదు. మళ్ళీ లోపలికి వెళ్ళి చెబితే డాక్టరు పొడినీ, నొప్పి గోళీలనూ రెంటినీ ఆపించాడు. ఆ పొడే చేసిందని ఆయన అనలేదు, నేనూ అనను. ఏది చేసిందో తేల్చే దారే లేదు. నన్ను భయపెట్టింది మామ ఇచ్చిన జవాబు. ఆయన అబద్ధమాడలేదు. ఆయన భాషలో చలువకు తాగేది మందు కాదు.

పేరు తేల్చుకోవడం వల్ల నష్టం తప్పడమే కాదు, లాభమూ వచ్చిన కథ ఒకటుంది. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. మా భూపాలపల్లి అడవి పల్లెలకు ఆ జ్వరం కొత్త కాదు. దానికి ఇవాళ వాడే ఆర్టెమిసినిన్ మందు వచ్చింది చింగ్-హావ్ అనే మూలిక నుంచి. అది చైనా లెక్కలో చలువ మూలికే. తు యూయూ బృందం 1970ల్లో దాన్ని పట్టుకున్నప్పుడు ఎదురైన చిక్కుల్లో ఒకటి, ఆ పేరుతో ఒకటికి మించి మొక్కలు చలామణిలో ఉండటం. అసలు మొక్క ఏదో, ఎలా తీస్తే గుణం పోదో, ఎంత ఇవ్వాలో తేల్చారు. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. అయినా ఆ ఆకుతో టీ కాచుకుని మలేరియాకు తాగొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ఎందుకంటే టీలో మోతాదు నిలకడగా ఉండదు. అదే మొక్క, అదే చలువ. కొలత ఉంటే మందు, లేకపోతే జూదం.

మన చట్టానికీ ఈ సంగతి తెలుసు. ఔషధాల నిబంధనల్లో ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల్లో వాడే విషద్రవ్యాలకు ఇ(1) అని ఒక షెడ్యూలే ఉంది. వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని వాటి లేబుల్ మీద రాయాలి. మెట్ల లెక్క కాగితం మీద ఇంకా బతికే ఉందన్నమాట. మన వంటగదిలోనే లేదు.

కాబట్టి అంబలి మానక్కర్లేదు, మజ్జిగ మానక్కర్లేదు. సబ్జా బాగా నాననిచ్చి తాగితే చాలు. ఇవి తిండి, వీటి మెట్టు మనకు తెలుసు. తిండి కానిది, అంటే ఏడాదిలో కొన్ని రోజులు తప్ప మన పెద్దలు ముట్టనిది, పొడిగా గానీ కషాయంగా గానీ రోజూ తాగమని ఎవరైనా చెబితే మూడు ప్రశ్నలు వేయాలి. ఇందులో ఉన్నది ఏ మొక్క? ఎంత? ఎన్నాళ్ళు? కిడ్నీ, లివర్ జబ్బులున్నవాళ్ళు, గర్భిణులు, షుగరుకూ బీపీకీ గోళీలు వేసుకునేవాళ్ళు నాలుగోది కూడా అడగాలి: నా మందులతో ఇది పడుతుందా? డాక్టరు దగ్గర మందుల పేర్లు చెప్పేటప్పుడు చలువకు తాగేదాన్ని కూడా ఆ లెక్కలో చెప్పాలి.

ఇవి ఆధునికులు కొత్తగా కనిపెట్టిన ప్రశ్నలేం కావు. వెయ్యేళ్ళ కింద ఒక హకీం తన శిష్యుణ్ణి ఇదే అడిగి ఉంటాడు: చలువ అన్నావు సరే, ఎన్నో మెట్టు?